రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్ దాకా ఎదగాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావాల్సింది గవర్నర్ కుర్చీయా, లేక జీవితమంతా బ్యాంకుల మీద కన్నేసి ఉంచే పనా? ఈ రెండింటి దారులు వేరు. వై.వి. రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు ఐఏఎస్ నుంచి వచ్చి గవర్నర్లయ్యారు. రిజర్వ్ బ్యాంకు సొంత కేడర్ నుంచి గవర్నర్ అయింది మాత్రం మైదవోలు నరసింహం గారు ఒక్కరే. రీసెర్చ్ ఆఫీసర్‌గా చేరి, మధ్యలో ఢిల్లీకి వెళ్లి ఆర్థిక శాఖలో పనిచేసి, 1977లో ఏడు నెలలు ఆ పదవిలో ఉన్నారు.

అందుకే నేను చెప్పేది రెండో దారి గురించి. దానికి గేటు గ్రేడ్ బి పరీక్ష, అంటే రిజర్వ్ బ్యాంకు తన ఆఫీసర్లను తీసుకోవడానికి పెట్టే పరీక్ష. అర్హతలు నోటిఫికేషన్‌లో ఉంటాయి, చూసుకోండి. కానీ వయసు లెక్క ఇప్పుడే వేసుకోండి. ఎం. రాజేశ్వర్ రావు గారు 1984లో చేరి 2020లో డిప్యూటీ గవర్నర్ అయ్యారు, టి. రబీ శంకర్ గారు 1990లో చేరి 2021లో అయ్యారు. అంటే ముప్పై ఏళ్ల పైమాటే. 60కి రిటైర్మెంట్ కాబట్టి 23 ఏళ్లకు చేరడానికీ 30కి చేరడానికీ చాలా తేడా ఉంది. పరీక్షను వాయిదా వేయకండి.

ప్రిపరేషన్‌లో కోచింగ్ నోట్సు ఒక్కటే బట్టీ పట్టకుండా రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటును నిర్ణయించే మానిటరీ పాలసీ కమిటీ మినిట్స్ చదవండి. సమావేశమైన 14 రోజులకు వస్తాయి, ఆరుగురు సభ్యులూ ఎవరి వాదన వాళ్లు విడివిడిగా రాస్తారు. ఒకే లెక్కలు చూసి ఒకరు రేటు తగ్గించాలంటారు, ఇంకొకరు ఆగుదామంటారు. ఇంటర్వ్యూకి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

చేరాక బ్యాంకులను తనిఖీ చేసే సూపర్విజన్ విభాగానికి పోస్టింగ్ వస్తే తప్పించుకోకండి. తిరుగుడు ఎక్కువే, టెన్షనూ ఎక్కువే, కానీ పని వచ్చేది అక్కడే. ఒక ఉదాహరణ చూడండి. ఒక కంపెనీ బ్యాంకుకు వాయిదా కట్టలేదు. 90 రోజులు దాటితే అది మొండి బాకీ. సరిగ్గా 87వ రోజున ఖాతాలో డబ్బు పడింది, స్టేట్‌మెంట్ చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆ ఫైలు మూసేస్తారు. మీరు మాత్రం ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడండి: మూడు రోజుల ముందు అదే బ్యాంకు, అవే ప్రమోటర్ల ఇంకో కంపెనీకి కొత్త అప్పు మంజూరు చేసి ఉండొచ్చు. పాత బాకీని కొత్త బాకీతో కప్పేశారన్నమాట. దీన్నే ఎవర్‌గ్రీనింగ్ అంటారు. 2015లో రఘురామ్ రాజన్ గారు గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆస్తుల నాణ్యత సమీక్ష పెట్టి లెక్కలన్నీ తిరగదోడిస్తే దాగి ఉన్న మొండి బాకీలు బయటపడ్డాయి, 2018 మార్చికి బ్యాంకుల మొత్తం అప్పుల్లో మొండి బాకీలు 11 శాతం దాటాయి. అది మన డిపాజిట్ల డబ్బు.

రెండో నైపుణ్యం ఫైలుకు నోట్ రాయడం. మేనేజర్, ఏజీఎం, డీజీఎం, జీఎం, సీజీఎం, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, ఇలా ఏ మెట్టులోనైనా మీ పేరు నిలిచేది మీరు రాసిన నోట్ల వల్లే. ఏం జరిగింది, రుజువేంటి, ఏం చేయాలి, రెండు పేజీల్లో తేల్చేయండి.

మూడోది, మార్కెట్ జోరుగా ఉన్నప్పుడు బ్రేక్ వేసే ధైర్యం. 2005లో రియల్ ఎస్టేట్ ఊపందుకున్నప్పుడు వై.వి. రెడ్డి గారి హయాంలో ఆ అప్పులకు రిస్క్ వెయిట్ పెంచారు, అంటే బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాల్సి వచ్చింది. 2008లో అమెరికా బ్యాంకు లీమన్ బ్రదర్స్ కూలినప్పుడు మన బ్యాంకులు నిలబడటానికి ఇలాంటి నిర్ణయాలూ ఒక కారణం.

చివరి మెట్టు మీ ఒక్కరి చేతిలో ఉండదు. డిప్యూటీ గవర్నర్లు నలుగురికి మించరు, వాళ్లను కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది. ఆనవాయితీగా ఇద్దరు లోపలివాళ్లు, ఒకరు వాణిజ్య బ్యాంకుల నుంచి, ఒకరు ఆర్థికవేత్త.

ఇవాళే మొదలుపెట్టాలనుకుంటే ఏదైనా పెద్ద ప్రైవేటు బ్యాంకు 2016-17 వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి, నోట్స్ టు అకౌంట్స్‌లో 'డైవర్జెన్స్' అనే మాట కోసం వెతకండి. బ్యాంకు చెప్పిన మొండి బాకీ ఎంత, రిజర్వ్ బ్యాంకు తనిఖీలో తేలింది ఎంత, ఆ పట్టికలో పక్కపక్కనే ఉంటాయి. దొరక్కపోతే ఇంకో బ్యాంకుది తీయండి.