8 బార్ల దగ్గర ఆగిపోయే ట్యూన్: నా అనుభవం

కంప్యూటర్‌లో ట్యూన్ కట్టేటప్పుడు నాకు మొదటి 8 బార్లు (బీట్ల లెక్కతో విడదీసిన సమాన భాగాలు) బాగా కుదురుతాయి, తర్వాత అదే లూప్ తిరుగుతుంది తప్ప పాట ముందుకు కదలదు. కొత్త ప్లగిన్లు (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే టూల్స్), కష్టమైన కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), థియరీ వీడియోలు, దేనివల్లా లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది ఇది. ముందు డ్రమ్స్, ప్యాడ్స్ (వెనక సాగుతూ వినిపించే మెత్తని శబ్దాలు) అన్నీ మ్యూట్ చేసి మెలొడీ, బేస్ మాత్రమే ఉంచాను. లూప్ అయిపోగానే ప్లేబ్యాక్ ఆపేసి, కీబోర్డ్ ముట్టుకోకుండా, తర్వాత ఏం రావాలనిపిస్తే అది ఫోన్‌లో పాడి రికార్డ్ చేశాను (గొంతు బాగుండాల్సిన పనే లేదు). ఆ స్వరాలు పట్టుకున్నాకే కార్డ్స్ జోలికి వెళ్లాను. అసలు కీలకం ఇక్కడే: మొదటి భాగం సీ మేజర్ కార్డ్‌తో మొదలైంది (ఈ ట్యూన్‌కు అదే సొంతిల్లు లాంటిది) కాబట్టి రెండోదాన్ని ఎఫ్ కార్డ్‌తో ఎత్తుకుని, మధ్యలో సీ ఎక్కడా రానివ్వకుండా జీ మీద ఆపి, మళ్లీ మొదటి భాగానికి వచ్చినప్పుడే సీ వినిపించాను. ఎంత హాయిగా అనిపించిందో!

పాడుకునే తరహా ట్యూన్లకే ఇది బాగా కుదిరింది. బీట్ మీద నడిచే ట్రాక్‌లలో మాత్రం కార్డ్ మార్చడం కన్నా కాసేపు డ్రమ్స్ తీసేయడమే ఎక్కువ తేడా చూపించింది.