పాత గస్తీ ఓడ స్థానంలో కొత్తది తేవాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖలో ఓడల రీఫిట్ (పెద్ద మరమ్మతు) ప్లానింగ్ చూసి రిటైరైనవాణ్ని. నావల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం వస్తే ముందు కొత్త ఓడ బొమ్మ చూపిస్తారు. పొడవు ఇంత, వేగం ఇంత, ముందు ఒక ఫిరంగి. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! బొమ్మ పక్కన పెట్టండి. పాత ఓడ ఏడాదిలో ఏ పని మీద ఎన్ని రోజులు సముద్రంలో ఉందో లాగ్‌బుక్కు చూసి రాసుకోండి.

అనుమానం వచ్చిన పడవల తనిఖీ, కేజీ బేసిన్‌లో గ్యాస్ ప్లాట్‌ఫారాల కాపలా, తీరం దగ్గర సబ్‌మెరైన్ల వేట, తుఫాను సహాయం. ఒక్కో పని ఎదురుగా, దాన్ని ఇవాళ ఇంకెవరు చేయగలరో రాయండి. 2008 ముంబై దాడుల తర్వాత తీరం పొడవునా రాడార్లు వచ్చాయి, కోస్ట్ గార్డ్ పెరిగింది, మెరైన్ పోలీసులకు పడవలు వచ్చాయి. నేవీ ఓడ నెత్తిన ఇంకా ఉండాల్సిన పని ఏదో అప్పుడు తేలుతుంది. ఆరు పాతవి పోతే ఆరు కొత్తవి అనే లెక్కకు అర్థం లేదు. నాలుగు చాలొచ్చు, ఎనిమిది కావాల్సి రావచ్చు.

ఒకచోట ఎప్పుడూ ఒక ఓడ ఉండాలంటే మూడు కావాలి. ఒకటి సముద్రంలో, ఒకటి రేవులో సామాను ఎక్కించుకుంటూ, ఇంకొకటి మరమ్మతుకు డాక్‌లో. డబ్బులు మంజూరు చేసేవాళ్లకు ఈ మూడో ఓడ అస్సలు మింగుడుపడదు. ప్లాన్‌లో మొదటి పేజీలోనే రాయండి.

"ఇంకో అయిదేళ్లు లాగిద్దాం" అన్న మాట తప్పకుండా వస్తుంది. వాదించకండి, ఇనుము దగ్గరకు తీసుకెళ్లండి. పైనుంచి పెయింటు నిగనిగలాడుతుంటుంది. బాత్‌రూముల కింద, వంటగది కింద, ఇంజన్ రూమ్ బిల్జ్‌లో (ఓడ అడుగున నీళ్లు చేరే చోట) ఇన్సులేషన్ ఊడదీసి సుత్తితో తట్టించండి. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, తుప్పు గీకి, ప్లేటు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ ఆనించండి. కట్టినప్పుడు 8 మిల్లీమీటర్లున్న ప్లేటు 6 చూపిస్తే పావు వంతు సముద్రం తినేసినట్టే. ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. ఒక ప్లేటు కోస్తే దాని వెనక పైపులు, కేబుళ్లు అన్నీ కదిలించాలి. అందుకే పాత ఓడ రీఫిట్ ఎస్టిమేట్ ఎప్పుడూ ఇన్సులేషన్ విప్పాకే వేయండి. విప్పకముందు వేసిన అంకె నిలవగా నేను చూడలేదు.

అసలు టెన్షన్ అంతా తేదీలతోనే. మన నేవీ కథే చూడండి. తీరం దగ్గర సబ్‌మెరైన్ల వేటకు సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న అభయ్ తరగతి (ఒకే డిజైన్‌వి) ఓడలు ఉండేవి. వాటి స్థానంలో 16 కొత్త ఓడలకు 2019 ఏప్రిల్‌లో ఒప్పందాలు కుదిరాయి. కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్ యార్డుకు 8, కొచ్చిన్ షిప్‌యార్డ్‌కు 8. గార్డెన్‌రీచ్ మొదటి ఓడ ఇవ్వాల్సిన గడువు 42 నెలలు, అంటే 2022 అక్టోబర్. అభయ్ తరగతిలో 1990లో చేరిన ఐఎన్ఎస్ అజయ్ 2022 సెప్టెంబర్ 19న సెలవు తీసుకుంది. కాగితం మీద ఎంత చక్కగా అతికిందో! మధ్యలో కోవిడ్ వచ్చింది, మొదటి నమూనా ఓడకు ఉండే చిక్కులు సరేసరి. గార్డెన్‌రీచ్ మొదటి ఓడ ఐఎన్ఎస్ అర్నాలా నేవీ చేతికి వచ్చింది 2025 మేలో, విశాఖలో లాంఛనంగా నేవీలో చేరింది జూన్ 18న. రెండున్నరేళ్లకు పైగా ఖాళీ.

కాబట్టి పాత ఓడ ఆఖరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సిబ్బందికి తర్ఫీదు, ట్రయల్స్, కట్టడం, టెండర్లు, అనుమతులు. మొదటి ఓడకు యార్డు చెప్పిన గడువు మీద కనీసం రెండేళ్లు కలపండి. ఆ రెండేళ్లూ ఏ ఓడ కాపలా కాస్తుందో పేరు రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే అది ప్లాన్ కాదు. సంతకాలయ్యాక కొత్త కోరికలు వద్దు. ఇంకో సెన్సర్ పెట్టమని ఎవరో అంటారు, దానికి కరెంటు కావాలి, చల్లదనం కావాలి, బరువు పెరుగుతుంది, డ్రాయింగులు మళ్లీ మొదటికొస్తాయి.

రెండు యార్డులకు పంచితే ఓడలు త్వరగా వస్తాయి. కానీ ఈ 16 ఓడల్లో గార్డెన్‌రీచ్‌ది ఒక డిజైన్, కొచ్చిన్‌ది ఇంకొకటి. స్పేర్ల జాబితాలు రెండు, తర్ఫీదు రెండు. నన్నడిగితే రెండు యార్డులైనా డిజైన్ ఒకటే ఉండాలి.

జెట్టీ సంగతి చివర్లో గుర్తొస్తుంది చాలామందికి. అభయ్ తరగతి ఓడ దాదాపు 58 మీటర్లు, అర్నాలా 77. పాతవి రెండు ఆగిన చోట కొత్తవి రెండు పట్టకపోవచ్చు.

వెళ్లిపోయే ఓడకూ ప్లాన్ ఉండాలి. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ సరయూను 2000లో శ్రీలంకకు ఇచ్చాం. స్నేహానికి మంచిదే, కానీ అది చెందిన సుకన్య తరగతి గస్తీ ఓడలు మనకు ఏడు కాస్తా ఆరయ్యాయి. ఇలా ఇచ్చే అవకాశం ఉంటే ముందే సంఖ్యలో తీసేయండి. తుక్కుకు పోయేదైతే, అదే తరగతిలో ఇంకా తిరుగుతున్న ఓడలకు పనికొచ్చే పంపులు, వాల్వులు, ఇంజన్ భాగాలు జెండా దించకముందే జాబితా రాయించండి. విప్పినవాటికి ట్యాగ్ కట్టి స్టోర్స్ లెడ్జర్‌లో ఎక్కించండి. వేలం అయిపోయాక వెళ్లి అడిగితే ఒక్క బోల్టు కూడా రాదు.