లైకులు వచ్చినా ఆర్డర్లు రాని పోస్టులు: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: ఆత్రేయపురం పూతరేకులు అమ్మే చిన్న దుకాణం పేజీలో ఫొటోలకు లైకులు బాగానే వస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం పెరగడం లేదు.

కారణం: "స్వచ్ఛమైన నేతి రుచి" అని ప్రతి దుకాణమూ రాస్తుంది. కొనదలచినవారి సందేహం వేరు. కొరియర్‌లో పంపితే రేకులు విరిగిపోవా, వానాకాలంలో మెత్తబడవా, ఎన్నాళ్లు నిలవ ఉంటాయి అన్నవాటికి జవాబు దొరకనప్పుడు వారు ఫొటో చూసి సంతోషించి వెళ్లిపోతారు.

పరిష్కారం: వాట్సాప్‌లో వచ్చిన సందేశాలనూ, కౌంటరు దగ్గర అడిగిన ప్రశ్నలనూ వారి మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకుని, ఎక్కువమంది అడిగినదాన్ని మొదటి పోస్టుకు తీసుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పొడవైన రాతలో మొదటి కొద్ది భాగాన్నే చూపిస్తాయి కనుక, ఆ ప్రశ్న తొలి వాక్యంలోనే ఉండాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే జీఐ ట్యాగ్) గర్వకారణమే, కానీ దాని చోటు ఆ తరువాత. ఆపై, బియ్యప్పిండి జావతో తీసిన పలుచని రేకు గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుందనీ, అందువల్ల గాలి చొరబడని డబ్బాలో సర్ది పంపుతున్నామనీ, తెరిచాక మూత బిగించి ఉంచాలనీ కారణంతో సహా చెప్పాలి. కారణం తెలిసిన కొనుగోలుదారుకు దుకాణం మీద నమ్మకం కుదురుతుంది.

సమస్య: ప్రతి పోస్టు కిందా "ధర ఎంత?" అన్న ప్రశ్నే వస్తోంది.

పరిష్కారం: ధర, బరువు, కొరియర్ ఖర్చు పోస్టులోనే రాయాలి. ధర దాచడం వల్ల మేలు జరుగుతుందని నేను అనుకోను.

సమస్య: కడియం నర్సరీ పోస్టు కింద, "తీసుకెళ్లిన వారానికే మొక్క ఆకులు రాల్చింది" అని ఒకరు ఫిర్యాదు రాశారు.

కారణం: "ఎక్కడైనా పెరుగుతుంది" అన్న హామీ. నీడ వలల కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టినా, వచ్చిన రోజే కుండీ మార్చినా ఆకులు రాలవచ్చు.

పరిష్కారం: ఆ వ్యాఖ్యను తొలగించకూడదు, ఎందుకంటే అదే అనుమానం ఉన్న మరికొందరు దాన్ని చదువుతుంటారు. జరిగినదానికి విచారం తెలిపి, మొక్కను ఎక్కడ పెట్టారో, నీరు ఎంత పోస్తున్నారో అక్కడే మర్యాదగా అడిగి, చిరునామా, డబ్బు వివరాల కోసం మాత్రం విడిగా సందేశం పంపమనాలి. తరువాత, వారి పేరు ప్రస్తావించకుండా, కొత్త మొక్కను కొన్నాళ్లు నీడలో ఉంచి క్రమంగా ఎండకు అలవాటు చేసే పద్ధతిని ఫొటోలతో ప్రత్యేక పోస్టుగా పెట్టి, దాని లింకును ఆ ఫిర్యాదు కిందే జతచేయాలి.