గాలివానకి ముందే, ఊరి జాబితాకి

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం వాళ్లకి అక్టోబరు వస్తోందంటే గుబులు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. మరుసటేడు హుద్‌హుద్ విశాఖని ఊపేసింది కూడా సరిగ్గా అదే తేదీన. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే దాటింది. పోనీ అక్టోబరు దాకా టైముందనుకుంటే, 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరికి వచ్చేసింది. అందుకే ఊరి కోసం చిన్న వెబ్ అప్లికేషన్ రాసుకున్న కుర్రాళ్లెవరైనా వినాయక చవితి నాటికి ఈ పనులు కానిచ్చేయాలి.

నేనంటున్నది పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసుకోడానికి పనికొచ్చే ఫ్లాస్క్‌తో రాసిన బుల్లి అప్లికేషన్. ఏ ఇంట్లో ఎందరున్నారు, నెలలు నిండినవాళ్లెవరు, వేటకెళ్లినవాళ్లు ఒడ్డుకి చేరారా, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లెవరు. ఈ చివరిదే మాకు ముఖ్యం. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు రోడ్డుకడ్డంగా పడ్డ రోజున ఎవరికి డయాలసిస్ తప్పిపోతుందో ముందే తెలిసుండాలి. రాయడం ఒక ఆదివారం పని. గాలివాన రాత్రి అది నడవడమే అసలు పని.

నెట్ ఉండదనుకునే మొదలెట్టండి. లాప్‌టాప్‌లో అప్లికేషన్ నడుస్తూ, పక్కన వైఫై రౌటర్ బతికుంటే చాలు, వాలంటీర్ల ఫోన్లు ఇంటర్నెట్ లేకుండానే దాన్ని తెరుస్తాయి. దానికి, అప్లికేషన్ ఏ చిరునామాలో పలకాలో చెప్పే హోస్ట్‌ని 0.0.0.0 అని పెట్టాలి. లేకపోతే ఆ లాప్‌టాప్‌కి తప్ప ఎవరికీ కనబడదు. విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతి కూడా ఇప్పుడే ఇచ్చుకోండి. రౌటర్ ఆగి మళ్లీ లేస్తే లాప్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మారిపోవచ్చు కాబట్టి దాన్ని రౌటర్‌లోనే ఖాయం చేసేయండి. బూట్‌స్ట్రాప్ లాంటి, పేజీకి రూపమిచ్చే ఫైళ్లు బయట సర్వర్ నుంచి లాక్కుంటుంటే ఆ ఫైళ్లు దించి స్టాటిక్ ఫోల్డర్లో పడేయండి. రెండో లాప్‌టాప్‌లో కూడా ఫ్లాస్క్ ఎక్కించి ఉంచండి. ఆ రాత్రి నెట్ నుంచి దించుకుందామని పిప్ ఇన్‌స్టాల్ కొడితే పలికేవాడుండడు.

హోస్ట్ అలా తెరిచాక డీబగ్ మోడ్ (తప్పులు వెతుక్కునే పద్ధతి) ఆన్‌లోనే ఉంచేయడం మాత్రం తప్పున్నర తప్పు. తప్పు వచ్చిన పేజీలోంచే మీ లాప్‌టాప్‌లో పైథాన్ నడిపించే వీలు దానిలో ఉంది. పిన్ అడుగుతుంది కదా అని ధీమా పడొద్దు. ఫ్లాస్క్‌తో వచ్చే సర్వర్ రాసుకునేటప్పుడు వాడుకోడానికే. దాని బదులు లైనక్స్ అయితే గునికార్న్ అనే సర్వర్ పెట్టుకోండి. విండోస్‌లో అది నడవదు, వెయిట్రెస్ వాడండి. జబ్బుల వివరాలున్న జాబితా కాబట్టి లాగిన్ తప్పనిసరి. ఆధార్ నంబర్లు అసలు అడగొద్దు, ఈ పనికి వాటితో అవసరం లేదు.

ఇక నా సొంత నిర్వాకం. డేటా ఒకే ఫైల్లో ఇమిడే డేటాబేస్ ఎస్క్యూలైట్‌లో ఉండేది. ఒకరు రాస్తుంటే మరొకరు చదివినా లాక్ అయిందని గోల పెడుతోందని వాల్ మోడ్‌లోకి మార్చాను. ఒకరోజు సాయంత్రం డీబీ ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇంటికెళ్లి తెరిస్తే, ఆ రోజు తిరిగి తిరిగి రాసిన ఇళ్లు ఒక్కటీ లేవు! సంగతేంటంటే, వాల్ మోడ్‌లో కొత్తగా రాసింది ముందు పక్కనుండే వాల్ ఫైల్లోకి వెళ్తుంది. అది మామూలుగా 1000 పేజీలు, అంటే సుమారు 4 ఎంబీ, నిండాకో, ఆఖరి కనెక్షన్ మూసినప్పుడో అసలు ఫైల్లోకి చేరుతుంది. నేనేమో ఒక కనెక్షన్ తెరిచి మూయడం మర్చిపోయాను. మా ఊరంతా కలిపినా 4 ఎంబీ ఎక్కడ నిండుతుంది? అదృష్టం కొద్దీ వాల్ ఫైల్ లాప్‌టాప్‌లో అలాగే ఉంది. అప్పట్నుంచి చేత్తో కాపీ చేయడం మానేసి, పైథాన్‌లోని బ్యాకప్ ఫంక్షన్‌తోనే గంటగంటకీ తీస్తున్నాను.

పేరుని ఎప్పుడూ కీగా, అంటే మనిషిని గుర్తుపట్టే ఆనవాలుగా, వాడకండి. మా ఒక్క వీధిలోనే నలుగురు అప్పన్నలు. ఫోన్ నంబర్‌ని అంకెగా కాక టెక్స్ట్‌గా దాచండి.

అన్నీ చేశాక ప్రింటు తీయండి. ఈ మాట నాకు తట్టలేదు. జాబితా చూపిస్తుంటే మా వీధి తాత, "ఏటి బావూ, సెల్లులో పేరుంటే సరిపోద్దేటి? కరెంటు పోతే కాయితమే గదా దిక్కు" అన్నాడు. రెండు కాపీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒకటి షెల్టర్లో ఉంచండి. హెచ్చరిక వచ్చిన రోజు మళ్లీ కొత్తది తీయండి.

చివరగా ఒక ఆదివారం ఇంట్లో మెయిన్ స్విచ్ దించేసి, ఫోన్లలో డేటా ఆపేసి నడిపి చూడండి. మేం చూసినప్పుడు ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ బ్రహ్మాండంగా నడిచింది, ఫోన్లు మాత్రం కలవలేదు. తీరా చూస్తే రౌటర్ ఇన్వర్టర్ లైన్లో లేని ప్లగ్గుకి గుచ్చి ఉంది.