అమెరికాలో అమ్మానాన్నల మందుల ఖర్చు: ఎక్స్‌ట్రా హెల్ప్‌కు దరఖాస్తు పెట్టేదెలా

కొడుకు దగ్గర ఉంటున్నాం, వాడికి మంచి జీతం, ఇక మాకేం ఇస్తారు అనుకుని మందుల ఖర్చు తగ్గించే ఎక్స్‌ట్రా హెల్ప్ అనే ప్రభుత్వ సాయాన్ని వదిలేసుకునే పెద్దవాళ్లు ఉన్నారు. ఎక్స్‌ట్రా హెల్ప్‌కు చూసేది దరఖాస్తు పెట్టే మనిషివి, ఒకే ఇంట్లో ఉంటున్న భర్త లేదా భార్యవి, ఆ ఇద్దరి ఆదాయం, ఆస్తులే. కొడుకు జీతం లెక్కలోకి రాదు. వాళ్లింట్లో అద్దె లేకుండా ఉండటం, తిండి, కరెంటు బిల్లు వాళ్లే చూసుకోవడం కూడా 2010 నుంచి ఆదాయం కింద పట్టుకోవడం లేదు.

మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చులకు) గానీ, పార్ట్ బీ (డాక్టర్ ఖర్చులకు) గానీ ఉండాలి. 50 రాష్ట్రాల్లోనో, వాషింగ్టన్ డీసీలోనో నివాసం ఉండాలి. ఇక్కడ ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయకపోయినా, 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డు మీద వరుసగా ఐదేళ్లు ఇక్కడే ఉన్నవాళ్లు ప్రీమియం కట్టి పార్ట్ బీ తీసుకోవచ్చు. అలా తీసుకున్నవాళ్లూ ఈ సాయం అడగొచ్చు.

2025 లెక్కల ప్రకారం ఏడాది ఆదాయం ఒంటరిగా ఉన్నవారికి 23,475 డాలర్లు, దంపతులకు 31,725 డాలర్ల లోపు ఉండాల్సింది. ఆస్తులు ఒక్కరికైతే 17,600, ఇద్దరికైతే 35,130 డాలర్లు దాటకూడదన్నది అప్పటి హద్దు. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ఏడాదివి చూసుకోండి. కొంచెం దాటినా ఆశ వదలొద్దు. ఉద్యోగం చేస్తుంటే జీతంలో కొంత భాగాన్ని సోషల్ సెక్యూరిటీ (పెన్షన్లు, ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) వాళ్లే మినహాయిస్తారు.

ఎక్కువగా తప్పు జరిగేది సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రాసేచోట. ఉదాహరణకు, బ్యాంకులో 1,215 డాలర్లు పడుతున్నాయని అదే రాసేస్తారు. కానీ పార్ట్ బీ ప్రీమియం (2025లో 185 డాలర్లు) కోసుకున్నాక పడే మొత్తం అది. ఫారంలో రాయాల్సింది కోత లేని 1,400. జనవరికి ముందు సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చే ఉత్తరంలో ఈ అంకె ఉంటుంది, అది చూసి రాయండి.

ఆస్తుల్లో ఉంటున్న ఇల్లు, కారు, నగలు, ఇంటి సామాను, జీవిత బీమా లెక్కించరు. బ్యాంకు నిల్వలు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లెక్కిస్తారు. పిల్లలతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా కూడా రాయాల్సిందే. అమ్మాయి తన డబ్బును అమ్మ పేరు కలిపిన ఖాతాలో దాచుకుంటే చిక్కు అక్కడే వస్తుంది. ఉంటున్న ఇల్లు కాక వేరే స్థిరాస్తి ఉందా అని కూడా అడుగుతారు. ఊళ్లో పొలమో, ప్లాటో మీ పేరున ఉంటే దాచకండి. అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని తెలిసే ఆ ఫారం మీద సంతకం పెడుతున్నారు.

మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకు, వికలాంగులకు నెలనెలా ఇచ్చే సాయం), లేదా మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రాం (మెడికేర్ ఖర్చుల్లో రాష్ట్రం చేసే సాయం) ఉన్నవాళ్లు విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. సాయం దానంతటదే వస్తుంది, ఊదారంగు కాగితం మీద ఉత్తరం అందుతుంది. దాన్ని పారేయకండి. మిగతావాళ్లు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఎస్‌ఎస్‌ఏ-1020 ఫారం నింపాలి, లేదా 1-800-772-1213కి ఫోన్ చేయాలి. ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఉచితంగా పెడతారు. బ్యాంకు కాగితాలు ఫారంతో పంపకండి. వాళ్లే ఇతర శాఖల రికార్డులతో సరిచూసుకుంటారు.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగి చదవండి. మీ వివరాలు రాష్ట్రానికి పంపి మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రాంకు దరఖాస్తు మొదలుపెట్టాలా అన్నదే ఆ ప్రశ్న. వద్దు అని గుర్తు పెట్టకండి. అది దక్కితే పార్ట్ బీ ప్రీమియం కూడా రాష్ట్రమే కడుతుంది. న్యూయార్క్, కనెక్టికట్‌లలో ఆ ప్రోగ్రాంకు ఆస్తులు చూడరు. అంటే బ్యాంకు నిల్వ ఎక్కువై ఎక్స్‌ట్రా హెల్ప్ నేరుగా రానివాళ్లకు కూడా ఆ దారిన వస్తుంది.

మంజూరైతే డిడక్టిబుల్ (బీమా మొదలయ్యే ముందు మనమే కట్టాల్సిన మొత్తం) ఉండదు. 2025లో జెనెరిక్ మందుకు 4.90, బ్రాండ్ మందుకు 12.15 డాలర్లకు మించి అడగకూడదని ఉండేది. పార్ట్ డీ (మెడికేర్‌లో మందుల బీమా) ఆలస్యంగా తీసుకున్నందుకు పడే జరిమానా కూడా పోతుంది. ప్రీమియం మాత్రం అన్ని ప్లాన్లకూ సున్నా కాదు. ప్రాంతానికి నిర్ణయించిన పరిమితి లోపు ఉన్న ప్లాన్‌కే సున్నా, ఖరీదైనది ఎంచుకుంటే తేడా మీరే కట్టాలి. ప్లాన్ ఎంచుకునే ముందు మీ మందుల పేర్లన్నీ దాని జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకోండి. జాబితాలో లేని మందుకు ఈ సాయం పనిచేయదు. సరిపోని ప్లాన్‌లో ఇరుక్కుంటే నెలకోసారి విడి పార్ట్ డీ ప్లాన్‌కు మారే వీలుంది.

ఫార్మసీ కంప్యూటర్లో మంజూరు ఇంకా ఎక్కకపోతే పూర్తి ధర అడుగుతారు. మంజూరు ఉత్తరం కాపీని మీ ప్లాన్‌కు పంపండి. దాన్నిబట్టి వాళ్లు ధర సరిచేసి తీరాలి. ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది, రసీదులు దాచండి.

తిరస్కరిస్తే ఉత్తరం అందిన 60 రోజుల్లో ఎస్‌ఎస్‌ఏ-1021 ఫారంతో అప్పీలు చేయొచ్చు. మీ రాష్ట్రంలోని షిప్ (మెడికేర్ విషయాల్లో సలహాలిచ్చే కార్యక్రమం) కౌన్సెలర్లు ఉచితంగా సాయం చేస్తారు.

మంజూరయ్యాక కూడా సోషల్ సెక్యూరిటీ నుంచి పునఃపరిశీలన ఫారం రావచ్చు. 30 రోజుల్లో నింపి పంపాలి. ఇండియా ప్రయాణంలో ఉంటే ఉత్తరాలు తెరిచి చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఆ ఫారం వెనక్కి వెళ్లకపోతే, అర్హత ఉన్నా జనవరి నుంచి సాయం ఆగిపోతుంది.