అంగీ కుట్టించుకుందాం – మూడో పాఠం: ముందు బట్ట, తర్వాతే కాలర్

పోయిన పాఠంలో కొలతలు రాసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. మెడ కొలతతో ఇవాళ మళ్లీ పని ఉంది.

మన దగ్గర చాలామంది ఫోన్‌లో ఏదో ఫోటో చూపించి "మాస్టర్, కాలర్ గిట్ల రావాలె" అని చెప్పి, ఆ తర్వాత బట్ట కొనడానికి పోతారు. నేనూ అట్లాగే చేసి ఒక మంచి బట్ట పాడు చేసుకున్నాను. పోచంపల్లి నుంచి తెచ్చుకున్న మెత్తటి నీలం ఇకత్ అది. ఆఫీసు అంగీలకు వేసే గట్టి పేస్టింగ్ (కాలర్ బిగువుగా ఉండడానికి లోపల అంటించే బట్ట) పెట్టించి, రెండు మొనలూ దూరంగా ఉండే వెడల్పు కాలర్ కుట్టించాను. మొదటి రోజు బాగుంది. మూడో ఉతుక్కి కాలర్ మీద కాల్చిన అప్పడంలా బుడగలు లేచాయి. ఇస్త్రీ చేస్తే అణుగుతాయి, చెమట పట్టగానే మళ్లీ లేస్తాయి. తప్పు కుట్టినాయనది అనుకుని పోట్లాటకు పోయాను గానీ, బట్టను నానబెట్టకుండా ఇచ్చింది నేనే. నీళ్లు తగలగానే నూలు బట్ట ముడుచుకుంది, లోపల అంటించిన పేస్టింగ్ ముడుచుకోలేదు. బుడగలకు కారణం అదే.

అందుకని ఈ పాఠంలో వరుస మార్చుకుందాం. ముందు బట్ట చేతిలోకి తీసుకుందాం, అది ఏ కాలర్‌ను మోయగలదో తర్వాత చూద్దాం.

బట్ట

నల్గొండ ఎండల్లో రోజూ వేసుకునే అంగీకి నూలు బట్టే నయం. టెరికాటన్‌కు ఇస్త్రీ బాధ తక్కువ, నిజమే. కానీ మే నెలలో మధ్యాహ్నం గడియారం సెంటర్‌లో బస్సు కోసం పది నిమిషాలు నిలబడితే, వీపుకు అతుక్కుపోయిన అంగీయే దాని సంగతి చెప్తుంది. పాప్లిన్ నున్నగా, పల్చగా ఉంటుంది, అన్ని కాలర్లకూ లొంగుతుంది. మొదటిసారి కుట్టించుకునేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి. లినెన్ చల్లగా ఉంటుంది గానీ కూర్చుని లేస్తే చాలు నలుగుతుంది. ఆ నలుగుడు మీకు చిరాకైతే దాని జోలికి పోకండి.

ఇక మన ఇకత్. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. పోచంపల్లి ఇకత్‌కు 2005లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినా, అదే డిజైన్‌ను బట్ట మీద అచ్చు కొట్టి ఇకత్ అని అమ్మేవాళ్లకు కొదవ లేదు. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. ముక్క కోసిన అంచు నుంచి ఒక్క పోగు లాగి, తెల్ల కాగితం మీద పరచండి. ఇకత్‌లో నేయకముందే పోగులను కట్టలుగా చిటికి కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, ఆ ఒక్క పోగులోనే జానెడు నీలం, కాస్త తెలుపు, మళ్లీ నీలం కనిపిస్తాయి. రంగు మారే చోట గీత గీసినట్టు ఉండదు, మసకగా కలిసిపోతుంది. డిజైన్ పడుగులో (నిలువు పోగుల్లో) ఉందా పేకలో (అడ్డం పోగుల్లో) ఉందా తెలియకపోతే రెండు వైపుల నుంచీ ఒక్కో పోగు లాగండి. అచ్చు బట్ట పోగయితే పైవైపు రంగు, కిందవైపు తెలుపు, చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

ఇది అసలా నకిలీయా అన్న పట్టింపు కోసమే చెప్పడం లేదు. అంగీ చేతులు మోచేతి దాకా మడిచినప్పుడు లోపలి వైపు పైకి వస్తుంది. పై గుండీ విప్పుకుంటే మెడ దగ్గర కూడా అంతే. ఇకత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు బట్ట అక్కడ వెలిసిపోయినట్టు కనబడుతుంది.

ఇకత్‌లోనూ అన్నీ అంగీకి పనికిరావు. కొయ్యలగూడెం దుప్పట్లు చూసి, ఆ రంగులకు మురిసి, అదే బట్టతో అంగీ కుట్టించుకుంటానంటాడు మా బావ. లావు నూలు అది. కాలర్ మొన దగ్గర బట్ట నాలుగు మడతలు పడుతుంది, మొన తిరగబడక చిన్న ముద్దలా తయారవుతుంది. దుకాణంలోనే తేల్చుకోవచ్చు: బట్ట మూలను నాలుగు మడతలు పెట్టి వేళ్లతో గట్టిగా నొక్కండి. మడత కాగితంలా పడుకుంటే కాలర్‌కు పనికొస్తుంది, స్పాంజిలా పైకి లేస్తే పనికిరాదు. పుట్టపాక తేలియా రుమాల్‌ను కోసి అంగీ చేయించడం మాత్రం నాకు మనసొప్పదు. నాలుగు వైపులా అంచు కట్టుకుని చదరంగా పూర్తయిన డిజైన్ అది, కత్తెర ఎక్కడ పెట్టినా తెగిపోతుంది.

కొనేటప్పుడు పన్నా, అంటే బట్ట వెడల్పు, అడగండి. 58 అంగుళాల మిల్లు బట్టయితే మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకు ఫుల్ చేతుల అంగీకి 1.60 మీటర్లు సరిపోతుంది, దుకాణంలో "పాయింట్ అరవై" అనేది దీన్నే. చేనేత బట్ట పన్నా సాధారణంగా 44–46 అంగుళాలు. దానికి రెండుంబావు మీటర్లు తీసుకోండి, డిజైన్ పెద్దదైతే ఇంకో పావు మీటరు కలపండి. ముందు పట్టీ దగ్గర ఎడమ, కుడి డిజైన్లు కలవాలంటే ఆ పావు మీటరు కావాలి. కలిపినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. చేత్తో కట్టిన చిటికి కదా, ఆ మాత్రానికి మాస్టర్ మీద అరవకండి.

ఇంటికి తెచ్చాక రాత్రంతా చన్నీళ్లలో విడిగా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడే కుట్టడానికి ఇవ్వండి. నా అప్పడాల కథ గుర్తుంది కదా.

కాలర్

కాలర్ అంటే రెండు ముక్కలు. మెడను చుట్టుకుని నిలబడేది పట్టీ, దాని మీద నుంచి మడిచి కిందికి వాలేది ఆకు. కొన్ని కాలర్లలో ఈ రెండింట్లో ఒకటే ఉంటుంది.

టై కట్టని అంగీకి పై గుండీ విప్పే ఉంటుంది. అప్పుడు కాలర్‌ను నిలబెట్టే పని అంతా పట్టీ మీదే పడుతుంది. మెత్తటి ఇకత్‌కు పట్టీలో మాత్రం కాస్త గట్టి బక్రం (లోపల వేసే బిరుసు బట్ట) వేసి, ఆకులో పల్చటిది వేయమనండి. నేను ఆకులో పేస్టింగే వద్దంటాను, అంటించని నూలు కాన్వాస్ చాలు. మాస్టర్లకు ఇది నచ్చదు, ఇస్త్రీలో నున్నగా రాదని వాళ్ల బాధ. పట్టుబట్టండి.

గుండీలతో మొనలు బిగించే బటన్‌డౌన్ కాలర్ ఇలాంటి మెత్తటి బట్టకు బాగా నప్పుతుంది, మొనలు ఎటూ ఎగరవు. ఒక చిన్న కిటుకు: ఆకు మొన పొడవు మూడుంబావు అంగుళాలు పెట్టించి, కింద గుండీని మొన సహజంగా పడే చోటు కంటే ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) పైకి కుట్టమనండి. ఆకు ఛాతీకి అతుక్కోకుండా చిన్న వంపు తిరిగి నిలబడుతుంది. ఆ వంపు కోసమే నేను ఈ కాలర్ కుట్టించుకుంటాను.

చైనీస్ కాలర్‌కు ఆకు ఉండదు, పట్టీ ఒక్కటే. ఖాదీ లాంటి కాస్త దిట్టమైన బట్టకు ఇదే మేలు, మొనల గొడవే లేదు. పట్టీ లేకుండా ఛాతీ మీద పడుకునే ఓపెన్ కాలర్ హాఫ్ చేతులకు, జారుగా వాలే బట్టకు. పాప్లిన్‌కు మామూలు కాలర్ పెట్టించుకోండి, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ముఖం గుండ్రంగా ఉంటే ఈ కాలర్, కోలగా ఉంటే ఆ కాలర్ అనే లెక్కలు నాకు పెద్దగా పట్టవు. మెడ పొడవు మాత్రం చూసుకోవాలి. పొట్టి మెడకు పట్టీ ఎత్తు తగ్గించాలి, లేకపోతే తల నేరుగా భుజాల మీద పెట్టినట్టు ఉంటుంది.

ఈ వారం పని

మీ దగ్గరున్న రెడీమేడ్ ఫార్మల్ అంగీ కాలర్ లోపల 39, 40, 42 అని ఏదో అంకె ఉంటుంది. అది ఛాతీ కాదు, కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 40 అంటే దాదాపు పదిహేనుముప్పావు అంగుళాలు. ఆ అంగీ గుండీలన్నీ పెట్టుకుని, కాలర్‌లో రెండు వేళ్లు దూరుతాయో లేదో చూడండి. మీరు రాసుకున్న మెడ కొలత పక్కన ఈ అంకె కూడా వేసి, రెండింటికీ తేడా ఎంతో లెక్కగట్టండి.

తర్వాత ఇంట్లో ఉన్న అంగీల్లో మూడు తీసి కాలర్ గుండీకి, దాని కింది గుండీకి మధ్య దూరం టేపుతో కొలవండి. పై గుండీ విప్పినప్పుడు మీకు ఏది సరిగ్గా తెరుచుకున్నట్టు అనిపిస్తే ఆ అంకెకు సున్నా చుట్టండి. నాది రెండున్నర అంగుళాలు. నాలుగో పాఠంలో మాస్టర్ దగ్గరికి పోయి కాజాలు ఎక్కడ పడాలో చెప్పేటప్పుడు ఆ అంకె అడుగుతాను.