హద్దురాయి దాటిన మనిషి: మరోలోక సాహస కథ రాసే పద్ధతి

మామూలు మనిషి ఉన్నట్టుండి మరో లోకంలో పడే కథ రాయదలచుకున్న తెలుగువారు నమూనా కోసం దూరం వెళ్ళవలసిన పని లేదు. అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం, అధ్యాపనం, అతిథిపూజ తప్ప మరొకటి ఎరుగని గృహస్థు ఒకడు, ఇంటికి వచ్చిన సిద్ధుడు చెప్పిన తీర్థాల ముచ్చట్లకు మనసు పడి, ఆయన ఇచ్చిన పసరును పాదాలకు పూసుకుని హిమాలయాలకు చేరుకుంటాడు. చూడగలిగినంత చూసి ఇంటిదారి పట్టబోయేసరికి మంచునీటికి పసరు కరిగిపోయి ఉంటుంది. 16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రలోని ప్రవరుడి కథ ఇది. అప్సరస వరూధిని ఎదురుపడే ఘట్టాన్నే అందరూ తలుచుకుంటారు గాని, కథ కట్టే పని నేర్చుకోవాలనుకునేవారు దానికి ముందున్న ఆ కరగడాన్ని పరిశీలించాలి. ఏ పసరు అతణ్ణి అక్కడికి చేర్చిందో అది పోవడమే తిరుగుదారిని మూసింది, అదీ ఏ రాక్షసుడి పన్నాగం వల్లనో కాకుండా, అతడు తన కోరిక కొద్దీ మంచులో తిరిగినందువల్ల. మనిషి మరో లోకానికి ఎలా వెళ్ళాడన్నది పాఠకుడు ఒక్క పేరాలో నమ్మేస్తాడు. ఎందుకు తిరిగి రాలేకపోతున్నాడన్నది మాత్రం నవల పొడుగునా నమ్మించవలసి ఉంటుంది. కాబట్టి ఆ కారణాన్ని ముందు తేల్చుకుని, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవడం మంచిది.

మొదట మనిషిని ఎంచుకోవాలి. ‘మామూలు మనిషి’ అనగానే చాలామంది ఏ గుర్తింపూ లేని ఒక యువకుణ్ణి తీసుకుంటారు. అతడికి ఉద్యోగం ఏదో ఉంటుంది, అదేమిటో రచయితకే స్పష్టంగా తెలియదు. నా మొదటి ప్రయత్నంలో నేనూ ఇదే చేశాను, మూడో అధ్యాయానికల్లా అతడి చేతికి కత్తి ఇవ్వడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు. మామూలు మనిషికి కథలో ఉండే బలమంతా అతడి పనిలో ఉంటుంది. ఈ వ్యాసమంతటా ఉదాహరణగా భూముల కొలతలో పనిచేసి రిటైరైన ఒక చైన్‌మన్‌ను తీసుకుందాం. సర్వేయరు పటం చూసి చెబుతుంటే ఇనుప గొలుసు పట్టుకుని పొలాలకు అడ్డంపడి నడవడం ఆయన జీవితకాలపు పని. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, చివరల ఇత్తడి పిడులు. అటువంటి పది చదరపు గొలుసులైతే ఒక ఎకరా. ఉపగ్రహ సంకేతాలతో నేల కొలిచే రోవర్లు వచ్చాక ఆ గొలుసు మూలపడింది, దానితోపాటు ఆయన నేర్పు కూడా. ఇక్కడ ఎవరికీ అక్కరలేని ఆ నేర్పు అక్కడ అందరికీ అవసరమైతే, ఆయన ఇంటికి రావాలా వద్దా అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే కథలో ఉంటుంది.

ద్వారం విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. జపాన్‌లో ‘ఇసెకాయ్’ అని పిలిచే ఈ తరహా కథల్లో లారీ గుద్దగానే కళ్ళు మరో లోకంలో తెరవడం ఎంతగా అరిగిపోయిందంటే, అది ఇప్పుడు హాస్యానికి తప్ప పనికిరాదు. మనకు పొలిమేర ఉంది. ఊరి దేవతను పొలిమేరలో నిలిపి, ఎల్ల దాటేటప్పుడు దండం పెట్టుకునే అలవాటు ఉన్న జాతికి, దాటడమంటే ఏమిటో వేరే వివరించవలసిన అవసరం రాదు. మన చైన్‌మన్ విషయంలో ద్వారం మూడు ఊళ్ళ సరిహద్దులు కలిసే చోట పాతిన రాయి కావచ్చు. పటంలో ఉండి, ముళ్ళపొదల్లో ఎవరికీ కనబడని ఆ రాయిని పొలం తగాదాలో ఉన్న బంధువు కోసం ఆయన ఒక మధ్యాహ్నం వెతికి పట్టుకుంటాడు, గొలుసు పరిచి నూరో లింకు దగ్గర అడుగు వేస్తాడు, ఆ అడుగు మరెక్కడో పడుతుంది. ఇంతకుమించి వెలుగులు, సుడిగాలులు, ఆకాశవాణి వద్దు.

ఇప్పుడు ఆ లోకపు నియమం. దీని దగ్గర తీరికగా కూర్చోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే కష్టాలన్నీ దీని నుంచే పుట్టాలి. మన ఉదాహరణలో ఆ లోకపు నేల రాత్రిపూట సాగుతుంది, కుంచించుకుపోతుంది. నిన్న పది అడుగుల దూరంలో ఉన్న బావి ఇవాళ తెల్లవారేసరికి పూట నడకైపోతుంది. అక్కడివారు పశువులను నడుముకు తాడుతో కట్టుకుని నిద్రపోతారు, పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఊరు ఎంత దూరమని ఎవరూ అడగరు. మన మనిషి గొలుసు పరిచి కొలిచిన నేల మాత్రం కదలకుండా నిలిచిపోతుంది. అయితే ఒక్కొక్క కమతం కొలిచినప్పుడల్లా గొలుసులో ఒక లింకు తుప్పై రాలిపోతుంది. రాయి దగ్గర మళ్ళీ నిండు నూరు లింకుల దూరం పరిస్తేనే ఇంట్లో అడుగు పడుతుంది. అంటే ఆయన ఎవరికి మేలు చేసినా ఇంటి దారి తరిగిపోతుంది. ప్రవరుడి పసరు మంచుకు కరిగినట్టు ఈయన గొలుసు ఈయన దయకు కరుగుతుంది.

నియమం దొరికిన వెంటనే రాయడం మొదలుపెట్టకుండా, దాన్ని కాగితం మీద లెక్కవేసి చూడాలి. రెండు లింకులు పోయిన గొలుసును నిండు గొలుసుగా భావించి కొలిచిన ఎకరా నిజానికి 96 సెంట్లే. పది లింకులు పోతే 81 సెంట్లు. సగం పోతే పాతిక సెంట్లకు ఎకరా పేరు పెట్టినట్టే. ఈ మూడు అంకెల్లో ఎన్ని అధ్యాయాలు దాగి ఉన్నాయో చూడండి. మొదట కొలిపించుకున్నవాడికి పెద్ద చెక్క, చివర వచ్చినవాడికి చిన్న చెక్క. ఇద్దరికీ దాన్ని ఎకరా అనే చెప్పారు. చైన్‌మన్ తేడాను సరిచేసి కొలవగలడు, కాని ఆయన గొలుసు చూసి తాడుకు ముళ్ళు వేసుకున్న స్థానికుడు సరిచేయలేడు, సరిచేయడానికి ఇష్టపడడు కూడా. అక్కడ ఒక దొర తయారవుతాడు. ఈ విధంగా ప్రతినాయకుడు నియమంలోంచి పుట్టుకురావాలి. నల్ల కోటలో కూర్చుని ఎందుకో తెలియకుండా లోకాన్ని నాశనం చేయాలనుకునే మాంత్రికుణ్ణి బయటినుంచి తెచ్చిపెడితే, గొలుసు కథ వేరు, మాంత్రికుడి కథ వేరు అయిపోతుంది. కథానాయకుడు తెలంగాణవాడైతే ఎకరాకు 40 గుంటల లెక్కలో ఆలోచిస్తాడు కాబట్టి, ఈ అంకెలన్నీ గుంటల్లోకి మార్చుకోవాలి. ఈ చిన్న జాగ్రత్త తప్పితే మనిషి ఏ ఊరివాడో తెలియకుండా పోతుంది.

ఆ లోకాన్ని వర్ణించేటప్పుడు కథానాయకుడి కంటితోనే చూడాలి. కవి అయితే పర్వతాన్ని చూస్తాడు. చైన్‌మన్ దాని వాలు చూస్తాడు, నీరు ఎటు పారుతుందో, రాయి పాతితే నిలుస్తుందో లేదో చూస్తాడు. మొదటి అధ్యాయాల్లో రెండు చంద్రులు, నీలి గడ్డి, ఎగిరే ఏనుగులు ఒక్కసారిగా కుమ్మరించడం వల్ల పాఠకుడికి ఆశ్చర్యం కలగదు, అలసట కలుగుతుంది. ఒక్క మార్పు తెచ్చి, దానివల్ల వంట, పంట, పెళ్ళి, చావు ఎలా మారాయో చూపడం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. శవాన్ని ఎక్కడ పాతిపెడతారు, మర్నాటికి ఆ చోటు కనబడకుండా పోతుంది కదా అన్న ప్రశ్నకు జవాబు వెతికితే ఆ జనం మతమేమిటో రచయితకు తెలిసిపోతుంది.

భాష విషయంలో మన రచయితలకు ఒక పాత జబ్బు ఉంది. మరో లోకపు మనిషి నోరు తెరిస్తే చాలు, పౌరాణిక నాటకం మొదలవుతుంది: ‘ఓరీ మానవాధమా’ అని పిలవని రాజు ఉండడు. వారికి ఒక మామూలు తెలుగు ఇచ్చి, అందులో ఒక్క లక్షణం మార్చడం మేలు. నేల నిలవని లోకంలో ‘దూరం’, ‘దగ్గర’ అన్న మాటలు ఉండవనుకుందాం. అక్కడి ముసలామె మనవరాలి ఊరు ‘రెండు ఆకళ్ళ మేర’ అంటుంది. వరసలు, మన్ననల మీద కూడా శ్రద్ధ పెట్టాలి. ఊరూరా తిరిగిన మన చైన్‌మన్ కొత్తవారిని అన్నా అనో, చెల్లెమ్మా అనో, పెద్దాయనా అనో పిలుస్తాడు. అక్కడ వరస పెట్టి పిలిస్తే నిజంగానే చుట్టరికం ఒప్పుకున్నట్టు లెక్క అయితే, మొదటి రోజే ఆయనకు తెలియకుండా ముగ్గురు చెల్లెళ్ళ బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. మన భాషలో మాత్రమే పుట్టగల చిక్కు ఇది, ఇటువంటివి వెతికితే చాలా దొరుకుతాయి. కొలతలకు మైళ్ళు, గంటలు వాడకుండా ఆమడ, బారెడు, జాన, 24 నిమిషాల గడియ, మూడు గంటల జాము వంటి పాత మాటలను తేవచ్చు. అయితే అవి ఆ లోకపువారి నోట వింటే సహజంగా ఉంటాయా, లేక చైన్‌మన్ తన లెక్క కోసం వాడుకుంటాడా అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

శరీరాన్ని మరచిపోవడం ఈ కథల్లో సర్వసాధారణంగా కనిపించే లోపం. అరవై దాటిన మనిషి జేబులో షుగర్ మాత్రల షీటు ఉంటుంది, అందులో మిగిలినవి తొమ్మిది మాత్రలే అయితే పాఠకుడు ప్రతి ఉదయం వాటిని లెక్కపెడుతూనే ఉంటాడు. చెప్పు తెగుతుంది, కళ్ళజోడు మసకబారుతుంది, ఉప్పు లేని కూడు నాలుకకు ఎక్కదు. సెల్‌ఫోన్‌ను ఏం చేయాలన్నది కొత్త రచయితలను బాగా ఇబ్బంది పెడుతుంది. నీళ్ళలో పడేసి వదిలించుకోవడం కంటే, బ్యాటరీ ఉన్నన్నాళ్ళు దాన్ని టార్చిలైటుగా వాడనిచ్చి, చివరి రెండు శాతంతో ఆయన భార్య ఫొటో చూడాలా, చీకటి గుహ దాటాలా అన్న ఎంపిక ముందు నిలబెట్టడం మంచిది.

శక్తుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కథానాయకుడికి వరాలు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే, ప్రతి వరానికీ ఒక ఖర్చు పెట్టండి, ఆ ఖర్చు కథలో ఒకసారైనా నిజంగా చెల్లించండి. ధారావాహికగా రాసేవారు అధ్యాయం ఆపే చోటును చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ నుంచి నేర్చుకోవచ్చు. నెల్లాళ్ళు ఎదురుచూడవలసిన పిల్లవాడిని ఉత్కంఠలో వదిలిపెట్టే విద్య అది. ఒక్క హెచ్చరిక, ప్రతి అధ్యాయం చివరా కత్తి మెడ మీదే ఉంటే ఆ మెడకు ఏమీ కాదని పాఠకుడు కనిపెట్టేస్తాడు. ఒక్కోసారి లింకులు లెక్కపెట్టినప్పుడు ఉండవలసినదానికంటే ఒకటి తక్కువ రావడం చాలు.

తిరిగి రావడాన్ని రాసే ముందు, అక్కడి కాలం ఇక్కడి కాలంతో ఎలా ముడిపడిందో నిర్ణయించుకోవాలి. కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్ళిన రైవతుడు అక్కడ కాసేపు సంగీతం విని అడిగేసరికి, భూమి మీద యుగాలే గడిచిపోయాయని భాగవతం చెబుతుంది. తాబేలును కాపాడి సముద్రగర్భంలోని నాగరాజు కోటకు వెళ్ళిన ఉరషిమా అనే జపాన్ జాలరి కథలోనూ అంతే. ఇంటికి వచ్చేసరికి వందల ఏళ్ళు దాటిపోతాయి, తెరవవద్దన్న పెట్టె తెరవగానే అతడు పండు ముసలి అయిపోతాడు. రెండు కథల్లోనూ కాలపు తేడా ఉన్నదే గాని ఫలితం వేరు: రేవతికి బలరాముడు దొరుకుతాడు, జాలరికి ఎవరూ మిగలరు. మీ కథ ఈ రెంటిలో దేనివైపు మొగ్గుతుందో మొదటి అధ్యాయంలోనే ఒక సూచన ఉండాలి.

దారి తిరిగి తెరుచుకునే ఉపాయం కూడా మొదట్లోనే, ఎవరూ పట్టించుకోని చోట, పెట్టి ఉంచాలి. మన కథలో ఊడిన లింకులకు బదులు కమ్మరి చేత కొత్తవి కొట్టించవచ్చు, కాని ఏ కొలతా నిలవని లోకంలో లింకు పొడవు ఎంతని ఎవరు చెప్పాలి? లింకు 7.92 అంగుళాలు. మొదటి అధ్యాయంలో ముళ్ళపొదల మధ్య కూర్చుని, పాత అలవాటు కొద్దీ, మన చైన్‌మన్ లింకు మీద చెయ్యి చాపి తన జానలో ఒక అంగుళం తగ్గిస్తే సరిగ్గా లింకు అవుతుందని బంధువుతో గొప్పగా చెప్పుకుని ఉండాలి. ఆ లోకంలో అన్నీ సాగినా, బయటినుంచి వచ్చిన ఆయన చెయ్యి సాగదు. ముప్పయ్యో అధ్యాయంలో కమ్మరి కొలిమి పక్కన ఆయన మళ్ళీ జాన చాపినప్పుడు, ఇది ఎందుకో వివరించే వాక్యం ఒక్కటి కూడా రాయకండి.

ఆ తర్వాత మిగిలేది, నూరు లింకులూ పూర్తయిన గొలుసుతో రాయి దగ్గర నిలబడిన మనిషి, ఆయన వెనుక ఇంకా కొలవని తమ పొలాన్ని చూపిస్తూ నిలబడిన ఒక కుటుంబం. ఆ దృశ్యంలో ఆయన చేత ఉపన్యాసం ఇప్పించకుండా, గొలుసు మడత విప్పే చేతులను మాత్రమే చూపండి. మొదటి పిడిని ఆయన రాయి దగ్గర పెడతాడో, పొలం గట్టు మీద పెడతాడో అక్కడే కథ ఆపేయవచ్చు.